ఉమ్మి గొట్టం ఆత్మకథ

నేను వేలెడంత ప్లాస్టిక్ గొట్టాన్ని. నెత్తిన బిగుతు మూత, ఒంటి మీద పేరుకు బదులు ఒక నంబరు చీటీ. సంతానం మాట రాగానే జనానికి గుర్తొచ్చే గొట్టం వేరే ఉంది. టెస్ట్ ట్యూబ్ బేబీ పుణ్యమా అని దాని కీర్తి ఊరూరా హోర్డింగులకెక్కింది. నాకా భాగ్యం లేదు. నాలో పట్టేది ఉమ్మి. ల్యాబులో లెక్క తేలగానే చెత్తబుట్టలో పడతాను. ఇంత చిన్న బతుకులోనూ ఒక పెద్ద తగువులో సాక్ష్యం చెప్పే పని నా జాతికి పడింది. మనసులో ఒత్తిడి ఉంటే ఆడవాళ్ళకు కడుపు పండదా? ఆలస్యం కావచ్చు అన్నంతవరకే నా సాక్ష్యం. దాన్ని పట్టుకుని వాళ్ళ మీద నేరం మోపడం మాత్రం చెల్లదు.

నాలో వెతికే పదార్థం అందరి నోట్లోనూ ఉండేదే. అన్నం ముద్దను మింగకుండా నములుతూ ఉంటే కాసేపటికి తియ్యగా తగులుతుంది. పిండిపదార్థాన్ని అలా చక్కెరగా విరిచే ఎంజైమే ఆల్ఫా అమైలేజ్. గుండె దడదడలాడి, పోట్లాటకో పరుగుకో ఒళ్ళు సిద్ధపడినప్పుడు కూడా అది పెరుగుతుంది. అందుకే సూది గుచ్చకుండా ఒత్తిడి జాడ తీయడానికి పరిశోధకులు ఉమ్మిని ఎంచుకున్నారు. అమెరికాలోని మిషిగన్, టెక్సస్‌లలో 2005 నుంచి 2009 దాకా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 501 జంటలను ఒక అధ్యయనంలో చేర్చుకుని ఏడాది వరకూ గమనించారు. 2014లో వెలువడిన ఫలితం ఇది: ఈ ఎంజైమ్ బాగా ఎక్కువగా ఉన్న మూడో వంతు స్త్రీలలో, బాగా తక్కువగా ఉన్న మూడో వంతుతో పోలిస్తే, నెలనెలా గర్భం వచ్చే అవకాశం 29 శాతం తక్కువ. ఏడాది గడిచినా ఫలించకపోయే ముప్పు రెండింతలకు పైనే. వింటే గుండె జారుతుంది గాని, ఒకసారి వేళ్ళ మీద లెక్కేయండి. నెలకు నూటికి 25 ఉన్న అవకాశం 18కి పడిందనుకుందాం. ఏడాది చివర ఇంకా ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు మొదటి నూరుమందిలో ముగ్గురైతే, రెండో నూరుమందిలో తొమ్మండుగురు. అంటే ముప్పు నిజమే, కానీ ఆ రెండో గుంపులోనూ తొంభైమందికి పైగా ఏడాదిలోపే గర్భం దాలుస్తారు.

మనసులోని దిగులు అండాశయం దాకా ఎలా దిగుతుందన్నది తర్వాతి ప్రశ్న. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ఒక హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. ఆ లయ మీదే అండం ఎదగడం, విడుదల కావడం ఆధారపడి ఉంటాయి. 1970లలో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం రీసస్ కోతుల మీద దీన్ని నిరూపించింది. హార్మోన్‌ను గంటకోసారి అందిస్తే వ్యవస్థ నడిచింది, అదే హార్మోన్‌ను తెంపులేని ధారగా పోస్తే మూగబోయింది. తీవ్రమైన ఒత్తిడి, చాలీచాలని తిండి, మితిమీరిన వ్యాయామం కలిస్తే మనిషిలోనూ ఆ లయ మందగిస్తుంది, నెలసరి ఆగిపోతుంది. అలా నెలసరి ఆగిన 16 మందితో సారా బెర్గా బృందం చేసిన ప్రయోగం 2003లో అచ్చయింది. ఆలోచనల తీరును సరిదిద్దే మానసిక చికిత్స పొందిన ఎనిమిదిమందిలో ఆరుగురికి మళ్ళీ అండం విడుదలైంది. ఊరికే గమనించిన ఎనిమిదిమందిలో ఒక్కరికే. చిన్న ప్రయోగమే, కానీ దారి ఎటో చూపింది.

ఇక అభ్యంతరాలు. ఒత్తిడి హార్మోన్ అని పేరుమోసిన కార్టిసాల్‌ను కూడా ఆ అమెరికా స్త్రీల ఉమ్మిలోనే కొలిచారు. దానికీ గర్భం ఆలస్యానికీ సంబంధం కనబడలేదు. ఈ సంగతి నేను దాచను. సంబంధం కనబడ్డ ఎంజైమ్ విషయంలోనూ కారణం అదేనని ఖాయంగా చెప్పలేం. జత కలిసి నడిచేవన్నీ ఒకదానికొకటి కారణాలు కావు. రెండో అభ్యంతరం ఇళ్ళలో వినబడేది: మా అమ్మమ్మకు కష్టాలు లేవా, పదిమందిని కనలేదా? కన్నది. పదిహేడేళ్ళకు మొదలుపెట్టినవాళ్ళకు ఒక కాన్పు ఆర్నెల్లు వెనకబడినా ఎవరి కంటా పడదు. ముప్పై అయిదు దాటాక అదే ఆర్నెల్లు బరువవుతాయి. మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. 14 అధ్యయనాల్లోని 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూసి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఐవీఎఫ్ వంటి చికిత్సకు ముందు ఉన్న ఆందోళన ఆ విడత ఫలితాన్ని మార్చలేదు. నా సాక్ష్యానికి ఇది ఎదురు కాదనే అనుకుంటాను. ఐవీఎఫ్‌లో అండాలను పెంచేది బయటి ఇంజెక్షన్లు. ఒత్తిడి చెడగొట్టగల ఆ మెదడు లయను అక్కడ చాలావరకు పక్కన పెట్టేస్తారు. కాబట్టి, చికిత్స విఫలమై ఇంటికొచ్చిన మనిషితో నువ్వు టెన్షన్ పడ్డావు గనకే నిలవలేదు అనడానికి ఎవరి చేతిలోనూ ఆధారం లేదు.

ఆ నింద వల్ల నష్టం కూడా ఉంది. ట్యూబులు మూసుకుపోయినా, పీసీఓఎస్ ఉన్నా, భర్త వీర్యకణాలు తక్కువైనా మనశ్శాంతి ఒక్కటే వాటిని బాగుచెయ్యలేదు. సంతానలేమిలో దాదాపు సగం సందర్భాల్లో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది, వీర్య పరీక్ష తేలిక కూడా. అయినా మన ఇళ్ళలో గొడ్రాలు అన్న మాట ఒకరికే తగులుతుంది. ఏడాది ప్రయత్నించాక, భార్యకు ముప్పై అయిదు దాటితే ఆర్నెల్లకే, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నిద్ర, తిండి, నెమ్మది కూడా కావాలి. బిడ్డ పుట్టినా పుట్టకపోయినా అవి ఆమెకు దక్కాల్సినవే. ఒత్తిడి తగ్గించుకోమని సలహా ఇచ్చే చుట్టాలు కూడా ఒక సాయం చెయ్యొచ్చు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆమె కనబడగానే ఏమన్నా విశేషమా అని అడగడం మానేస్తే చాలు.