పసుపంచు పోకూడదు

నన్నంతా స్నేక్ ప్లాంట్ అంటారు. మావాళ్లది పశ్చిమ ఆఫ్రికా. నేను పుట్టింది మాత్రం కడియపులంక నర్సరీలో. రావులపాలెం దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రెండు పాయలూ దాటి మోటారు సైకిలు మీద పాలకొల్లు వచ్చాను. క్షీరారామం గాలిగోపురం కనిపించే వీధిలో ఓ ఇంటి వసారా నా మకాం.

గాలి శుభ్రం చేస్తానని నన్ను తెచ్చుకున్నారు. 1989లో నాసావాళ్లు చేసిన పరీక్షలు గాలి చొరబడని పెట్టెల్లో చేసినవి. నాలుగువైపులా గాలాడే వసారాలో నావల్ల ఒరిగేదేముంది? అయినా ఆ పేరు మీద దక్కే మర్యాదని నేనెందుకు కాదంటాను!

నా సంసారమంతా మట్టికిందే. అల్లం కొమ్ములాంటి దుంప అడ్డంగా పాకుతుంది, కొసన కొత్త పిలక లేస్తుంది. కుండీ గోడ తగిలితే ఆగదు, గోడ వెంబడే చుట్టు తిరుగుతుంది. అలా తిరిగీ తిరిగీ ప్లాస్టిక్ కుండీ ఓ పక్క ఉబ్బింది, ఆనక పగిలింది. పోసిన నీళ్లు లోపలి మట్టిని తడపకుండానే అడుగు చిల్లులోంచి పోయేవి. అయినా చావలేదు. ఆకుల్లో నీళ్లు దాచుకోవడం, పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరవడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. చావను కాబట్టే ఎవరూ పట్టించుకోలేదనుకోండి.

వానలు పడకముందు ఆ ఇంటి అత్తగారు నా పని పట్టారు, దుంప విడగొట్టి వేరే కుండీల్లో పెడదామని.

"ఇంత శ్రమ ఎందుకండీ అత్తయ్యగారూ, ఓ ఆకు కోసి ముక్కలు పాతితే మొక్కలొచ్చేస్తాయంట కదా" అంది కోడలు.

"వస్తాయమ్మా, పసుపంచు రాదు."

పెద్దావిడ మాట నిజం. నా ఒంట్లో పసుపు కణాలూ పచ్చ కణాలూ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. ఆకుముక్కకి పుట్టే పిలకలో ఆ పొత్తు నిలవదు, ఉత్త పచ్చమొక్క వస్తుంది. నేను నాలాగే ఉండాలంటే దుంపతో సహా కోయాల్సిందే. అందుకే కత్తి చూసి భయపడలేదు.

కత్తి తెచ్చింది కొబ్బరి దింపు తీసే ఆయన. "ఆయ్, లాగితే రాదండి అమ్మగారూ, కుండీనే కోసేద్దారండి" అన్నాడు. కుండీ ఊడినా వేళ్ల ముద్ద కుండీ ఆకారంలోనే నిలబడింది. మూడు వేట్లు, మూడు ముక్కలు, ఒక్కోదానికీ తన దుంప, వేళ్లు, ఆకులు. కోతలకి పసుపు అద్ది రెండ్రోజులు నీడన ఆరబెట్టారు. పచ్చిగాయం తడిమట్టిలో పడితే కుళ్లుతుంది మరి.

ఇక్కడి నల్లమట్టి వరికి బంగారం, నాకు గండం. నీళ్లు పట్టేసి వదలదు. అందుకని సగం గోదావరి ఇసుక, కాస్త కొబ్బరి పొట్టు, గుప్పెడు మాగిన పశువుల ఎరువు కలిపారు. పొట్టుకి ఈ ఊళ్లో కరువా? కుండీ కూడా పెద్దది కాదు, దుంప చుట్టూ రెండు వేళ్ల ఎడం, అంతే. వారం దాకా నీళ్లు పోయనివ్వలేదు అత్తగారు.

ఒక ముక్క వసారాలోనే ఉంది. ఒకటి ఎదురింటికి, ఇంకోటి బస్సెక్కి నరసాపురంలో ఆడపడుచు ఇంటికి వెళ్లాయి. అందులో నువ్వెవరని అడక్కండి, మూడూ నేనే. కోడలు మాత్రం అత్తగారు గుడికెళ్లినప్పుడు ఓ ఆకు కోసి వంటింటి కిటికీలో గాజుగ్లాసు నీళ్లలో పెట్టింది. వేళ్లొచ్చాయి. పిలక కూడా లేస్తే, అది అంచు లేకుండా లేస్తే, ఎక్కడిదని చెబుతుందో చూడాలి.