టవల్ రాడ్డే దిక్కు

గృహప్రవేశానికి వచ్చిన చుట్టాల్లో ఒక్కరైనా బాత్రూములోకి వెళ్లి, చెంబుడు నీళ్లు గచ్చు మీద పోసి, కాలితో రాసి చూసి, "బాగుందండీ, జారట్లేదు" అని మెచ్చుకున్న దాఖలా తెలుగునాట ఇంతవరకూ లేదు. తల పైకెత్తి ఫాల్స్ సీలింగ్ బాగుందంటారు. వంటింట్లో సొరుగు లాగి వదిలి, అది చప్పుడు లేకుండా దానంతటదే మూసుకుంటుంటే నోరు తెరుస్తారు. దేవుడి గది తలుపుకి గంటలెన్నో లెక్కపెడతారు. చివరికి హాల్లో నిలబడి కిందికి చూసి, "మొహం కనపడుతోందండీ! ఎక్కడ తెచ్చారీ టైల్స్?" అంటారు. మోర్బీ నుంచి లోడు దింపించామని ఇంటాయన మీసం మీద చెయ్యి వేసుకుంటాడు. ఆ మొహం కనపడే గచ్చు మీద మిగతా జీవితమంతా తడికాళ్లతో తిరగాల్సింది తనూ తన భార్యా అన్న సంగతి ఆ పూట ఆయనకీ గుర్తుండదు. పిల్లలంటారా, ఒకడు డాలస్‌లో, ఇంకొకతె బెంగళూరులో. వాళ్లు ఆ గచ్చు తొక్కేది సంక్రాంతి మూడు రోజులూ, అదీ సెలవు దొరికితే.

టైల్స్ జారుడికి జర్మనీవాళ్లు ఒక లెక్క కట్టిపెట్టారు. ఆర్9 దగ్గర మొదలై ఆర్13 దాకా వెళుతుంది. అంకె పెరిగేకొద్దీ కాలికి పట్టు పెరుగుతుంది. షాపులో ఈ ముక్క అడిగి చూడండి. కుర్రాడు మీ వంక జాలిగా చూసి, "గ్లాసీ కావాలా సార్, మ్యాటా?" అంటాడు. మ్యాట్ అయితే మురికి పట్టేస్తుందనీ, ఎంత తుడిచినా తుడిచినట్టుండదనీ ఇంట్లోవాళ్లు అంటారు. గ్లాసీ ఖాయమవుతుంది. బాత్రూముకి కూడా అదే వేస్తారు, మిగిలిపోయిన పెట్టెలు పారేస్తామా? ఆ గచ్చు మీద పండగనాడు నూనె రాసుకుని తలంటు పోసుకోవాలి. తర్వాత ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్యం రానక్కర్లేదు.

జ్యోతిష్యం అంటే గుర్తొచ్చింది, వాస్తు. మనిల్లు మనిషి కోసం కడుతున్నామో దిక్కుల కోసం కడుతున్నామో నాకిప్పటికీ తేలలేదు. యజమాని నైరుతిలో పడుకోవాలి. కింద నైరుతిలో స్టోరు రూమో, పిల్లాడి గదో వచ్చేసింది కాబట్టి, మోకాళ్లు అరిగిన యజమాని రోజూ పైనున్న నైరుతికి ఎక్కుతాడు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, అందులో రాజీ లేదు. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది. దాన్ని ఎవరు చూడొచ్చారు? బేసి కుదరడం కోసం మేస్త్రి ఆఖరి మెట్టుని ఒక అంగుళం పెంచుతాడు, లేదా తగ్గిస్తాడు. కాలికి ఒక గుణం ఉంది. మొదటి రెండు మెట్లెక్కగానే ఎత్తు ఎంతో నేర్చేసుకుని, మిగతావి కంటితో పనిలేకుండా ఎక్కేస్తుంది. తేడా ఉన్న ఆ ఒక్క మెట్టు దగ్గరే బొటనవేలు తగులుతుంది. ఈశాన్యం తెగితే యజమానికి గండమని చెప్పే పండితులు ఆఖరి మెట్టు అంగుళం పెరిగితే ఏమవుతుందో చెప్పరు. అది ఎముకల డాక్టరుగారి శాస్త్రం.

ర్యాంపు లేదా అంటే, ఎందుకు లేదు? భేషుగ్గా ఉంది. కారుకుంది. మునిసిపాలిటీ రోడ్డు మీదికి మూడడుగులు చొచ్చుకొచ్చి మరీ ఉంది. కారు మెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా పోర్టికోలోకి ఎక్కుతుంది. కారు దిగిన పెద్దాయన మాత్రం పక్కనున్న మూడు గ్రానైట్ మెట్లు పట్టు లేకుండా ఎక్కాలి. చక్రాల కుర్చీకి అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు కావాలి. అంత జాగా ఎక్కడిదండీ, అక్కడ తులసికోటా, ఫౌంటెనూ వచ్చాయి.

ఇక బాత్రూములో మన పెద్దవాళ్లకు ఉన్న ఒకే ఒక్క దిక్కు టవల్ రాడ్. దీని నిర్మాణం ఒకసారి దగ్గరగా చూడండి. టైల్‌కి బెజ్జం వేసి, వేలెడు కూడా లేని ప్లాస్టిక్ ప్లగ్గు దూర్చి, దాంట్లో స్క్రూలు బిగిస్తారు. టైల్ వెనక సిమెంటు అక్కడక్కడా బోలుగా ఉంటుంది, వేలితో కొడితే డబ్‌డబ్‌మంటుంది. ఆ రాడ్ ఉద్యోగం తడి తువ్వాలు మోయడం. డెబ్భై కిలోల మనిషి కాలు జారి దాన్ని పట్టుకుంటే, పాపం అది తన శక్తి మేరకు ఒక క్షణం ఆగి, టైల్ పెచ్చుతో సహా ఊడి ఆయన చేతిలోకే వస్తుంది. గచ్చు మీద పడి ఉన్న ఆయన చేతిలో రాజదండంలా మెరుస్తూ ఉంటుంది. మనిషి బరువు మోసే రాడ్లు వేరే ఉన్నాయి. గ్రాబ్ బార్ అంటారు, గోడలోకి లోతుగా బోల్టులు దింపి బిగిస్తారు. వెయ్యికో రెండు వేలకో స్టీలుది మంచిదొస్తుంది. ఫాల్స్ సీలింగ్‌లో ఒక పువ్వుకైన ఖర్చు.

బాత్రూము తలుపు సంగతీ చెప్పాలి. అది లోపలికి తెరుచుకుంటుంది. లోపలివాళ్లు పడితే సరిగ్గా దానికి అడ్డంగానే పడతారు, అంత చోటే ఉంటుంది మరి. గడియ లోపల. బయట ఇంటావిడ తలుపు బాదుతూ ఉంటుంది. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టమని ఒకరు మేస్త్రికి చెప్పి చూశారు. "హాల్లోకి అడ్డమొస్తుందండీ, చూసేవాళ్లకి బాగోదు" అన్నాడు. చూసేవాళ్లు! మన సివిల్ ఇంజినీరింగ్ మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

డాలస్ అబ్బాయి ఊరుకున్నాడని ఎవరూ అనకండి. అమ్మానాన్నల భద్రత మీద అతనికి రాత్రిళ్లు నిద్ర పట్టదు. అందుకని నాలుగు కెమెరాలు పెట్టించాడు. హాల్లో ఒకటి, గేటు దగ్గర ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, వంటింట్లో ఒకటి. పెద్దవాళ్లు జారిపడే బాత్రూములో కెమెరా పెట్టకూడదు, అది మర్యాద. కాబట్టి జారిపడే చోటు వదిలేసి ఆ నాలుగు చోట్లూ ఫోన్లో చక్కగా కనపడతాయి. ఇక్కడ తెల్లవారుజామున 3 గంటలకు నాన్నగారు లేస్తారు. బీపీ మాత్ర వేసుకున్న మనిషి, గబుక్కున నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. లైటు వేద్దామంటే స్విచ్‌బోర్డు తలుపు పక్కన ఉంది. సీలింగ్ నిండా రంగు రంగుల లైట్లున్నాయి గానీ మంచం దగ్గర ఒక్కటీ లేదు. ఆ లైట్లకో రిమోటుంది. దాని మీటలన్నీ తెలిసినవాడు మనవడు. అప్పుడు డాలస్‌లో మధ్యాహ్నం మూడున్నరో, వేసవైతే నాలుగున్నరో అవుతుంది, అబ్బాయి మీటింగులో ఉంటాడు. తర్వాత వీడియో వెనక్కి తిప్పి, నాన్న ఎన్ని గంటలా ఎన్ని నిమిషాలకు హాల్లోకి వచ్చాడో సెకన్లతో సహా చెప్పగలడు.

పడటం చిన్న విషయమనుకుంటాం గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏడాదికి 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు, అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ. ఇంట్లో ప్రమాదాలు సరిచేస్తే, అంటే జారేవి తీసేసి, పట్టుకునేవి బిగించి, వెలుతురు పెంచితే, పడే అవకాశం ఎక్కువున్నవాళ్లలో పడటాలు దాదాపు 38 శాతం తగ్గాయని 2023లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఇంత ఫలితమిచ్చే మాత్ర ఏదైనా ఉంటే మనవాళ్లు స్ట్రిప్పులకు స్ట్రిప్పులు కొని బీరువాలో దాచుకునేవాళ్లు. మాత్రకైతే మేస్త్రిని పిలవక్కర్లేదు మరి.

ప్రభుత్వానికీ పెద్దవాళ్లంటే ప్రేమే. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే రాష్ట్రీయ వయోశ్రీ యోజన మొదలైంది. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తారు. చేతికర్ర ప్రభుత్వానిది, కర్ర జారే గచ్చు మనది. 2024 అక్టోబరులో డెబ్భై దాటినవాళ్లందరికీ ఆయుష్మాన్ కింద ఏటా 5 లక్షల దాకా ఉచిత వైద్యం మొదలుపెట్టారు. మంచి పని, కాదనను. తుంటి విరిగాక లక్షలు దొరుకుతాయి. అది విరగకుండా ఆపే రాడ్‌కి మాత్రం ఏ కార్డూ లేదు. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చని 2007 చట్టం ఉంది. మెట్ల మీద మాత్రం కేసు వేయడానికి లేదు, ఆ ప్లాను మీద సంతకం పెట్టింది పెద్దాయనే.

అసలు చిక్కు అక్కడే ఉంది. మా వీధిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారున్నారు, డెబ్భై ఆరేళ్లు. ఆయన భార్య ఆయనకు చెప్పకుండానే మేస్త్రిని పిలిపించింది.

"ఎవరికిది?" అన్నారు మాస్టారు రాడ్ చూసి.

"మీకేనండీ, కమోడ్ పక్కన ఒకటి, షవర్ కింద ఒకటి" అన్నాడు మేస్త్రి.

"నాకేమైంది? రోజూ పార్కులో అయిదు రౌండ్లు కొడుతున్నా."

"తిరిగేది పార్కులో. జారేది బాత్రూములో" అంది ఆవిడ.

"ఇల్లా, ఆస్పత్రా ఇది? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారే?"

"బాత్రూములో మిమ్మల్ని చూసేదెవరండీ?"

దీనికి మాస్టారి దగ్గర జవాబు లేదు. కాసేపు మేస్త్రి చేతిలోని డ్రిల్లింగ్ మెషీన్ వంకా, గోడ వంకా చూసి, "తెచ్చావుగా, ఇక వెనక్కి ఎందుకులే. గెస్ట్ బాత్రూములో బిగించు. మా బావ వస్తూంటాడు, పెద్దవాడైపోయాడు" అన్నారు. బావగారు ఆయనకంటే రెండేళ్లు చిన్న.

రెండు రాడ్లూ గెస్ట్ బాత్రూములోనే బిగిసిపోయాయి. ఇంటావిడ మర్నాటి నుంచి స్నానానికి అందులోకే వెళుతోంది. ఎవరైనా అడిగితే అందులో గీజరు బాగా పనిచేస్తుందని చెబుతోంది.