రాజకీయ నవలను నవ్వకుండా చదవడం ఎలా?

క్రిస్టిన్ గోర్ 2004లో రాసిన ‘సామీస్ హిల్’ చేతికి రాగానే మొదటి పేజీ తెరిచే పొరపాటు చెయ్యకండి. ముందు రచయిత్రి పుట్టుపూర్వోత్తరాలు చూడండి. అమెరికా ఉపాధ్యక్షుడిగా చేసిన అల్ గోర్ కూతురు! ఇక దాన్ని ఉత్త నవల అని ఎలా నమ్ముతాం? మన సినిమాలో మంత్రి పాత్ర కనిపిస్తే ఇంటర్వెల్ లోపే ఆయనెవరో తేల్చేసేవాళ్లం మనం. ఆ విద్యంతా ఇక్కడ వాడండి.

కథానాయిక సామీ జాయిస్‌కి ఇరవై ఆరేళ్లు. ఒహాయో సెనేటర్ రాబర్ట్ గ్యారీ ఆఫీసులో ఆరోగ్య విధానాలు చూస్తుంది. మంచి చట్టం తెస్తే జనం బతుకులు బాగుపడతాయని మనస్ఫూర్తిగా నమ్మే పిల్ల. ఇలాంటి పిల్ల మీద జాలి, ముచ్చట కలుగుతాయి, కలగనివ్వకండి. మీ పని సెనేటర్‌తో. ఆయన మంచివాడు కాబట్టి అల్ గోరే. గోర్‌ది టెన్నెసీ కదా అంటారా? ఒహాయో అని రాసింది మనల్ని దారి మళ్లించడానికే. ఆధారం లేకపోవడం కన్నా గట్టి ఆధారం ఉంటుందా?

సామీ పెంచే చేపలు చచ్చిపోతుంటాయి. నవ్వొస్తే మంచినీళ్లు తాగండి. 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా గోర్ చేజారింది 537 ఓట్ల తేడాతో. చేపలు అన్ని లేవు, నిజమే. అయినా పక్కన రాసిపెట్టుకోండి, పనికొస్తుంది.

లేని జబ్బులన్నీ తనకున్నాయని ఆమె హడలిపోయే చోట్లు, బ్లాక్‌బెర్రీ ఫోన్‌తో పడే పాట్లు గబగబా తిప్పేయండి. పుస్తకంలో అందరూ పగలబడి నవ్వేది అక్కడే. అంటే అసలు సంగతి అక్కడ దాచలేదన్నమాట.

రచయిత్రి అంతకుముందు టీవీలో ‘ఫ్యూచరామా’కీ, ‘సాటర్‌డే నైట్ లైవ్’కీ హాస్యం రాసిన మనిషి, నవ్వించడం ఆవిడ వృత్తి అని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. నవల చదివి నవ్వేసి ఊరుకునేవాళ్లకి రాజకీయం ఏం తెలుస్తుంది?

ఇంత కష్టపడ్డా ఏమీ తేలకపోతే 2007లో వచ్చిన రెండో నవల ‘సామీస్ హౌస్’ పట్టండి. అందులో మన సెనేటర్ ఏకంగా ఉపాధ్యక్షుడై కూర్చుంటాడు. అప్పటికి రాత్రి ఎంతయినా సరే, ఇంట్లోవాళ్లని లేపి చెప్పండి.