అక్షరమ్ముక్క రాని టపాబంట్రోతు

గోడకుండే ప్లగ్గు సాకెట్‌ని కాను. పైథాన్ భాషతో పాటే వచ్చే సామాన్ల పెట్టెలో, అదే స్టాండర్డ్ లైబ్రరీలో, ఒక మూల ఉండే సాకెట్ మాడ్యూల్‌ని. మా ఇంటిపేరు బర్క్‌లీ. అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1983లో విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో మా పెద్దలు లోకానికి తెలిశారు. వాళ్లు సీ భాషలో చేసే పనే నేను పైథాన్‌లో చేస్తాను. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. ఇంపోర్ట్ అని పిలిస్తే పలుకుతాను.

నా పని టపా మోయడం. చదవడం మాత్రం రాదు.

ఈ సంగతి తెలియక హాస్టల్లో ఒకమ్మాయి నన్ను నానా మాటలూ అంది. రెండు లాప్‌టాప్‌ల మధ్య చాట్ ప్రోగ్రామ్ రాస్తోంది. మొదట మాటను మాటలాగే నా చేతిలో పెట్టింది. తీసుకోలేదు. 2008 డిసెంబరులో పైథాన్ 3 వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో అక్షరం వేరు, బైటు వేరు. ఎన్‌కోడ్ చేసి ఇచ్చాక మోశాను. "తిన్నావా" అని పంపితే భద్రంగా చేరింది.

ఆ ధైర్యంతో అక్క పెళ్లి శుభలేఖ మొత్తం అతికించింది. అవిఘ్నమస్తు అని మొదలైన లేఖకు నడిమధ్యలో విఘ్నం. అవతలి తెర మీద డీకోడ్ ఎర్రర్!

తప్పు నాది కాదు. ఒకసారికి 1024 బైట్లకు మించకుండా తెమ్మని తనే రాసింది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు. కంటికి ఒకటే అక్షరమైన "శ్రీ"లో శకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిసి 12 బైట్లు. ఖాళీలు లేకుండా అంతా తెలుగే అయితే 1024లో 341 సంకేతాలు పట్టి ఒక బైటు మిగులుతుంది. ఆ ఒక్క బైటూ తర్వాతి సంకేతం తల. మొండెం తర్వాతి విడతలో వస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒకటే బైటు కనుక ఆ భాషవాళ్లకు ఈ గండం ఎదురుకాదు.

పైగా నా టపా వెళ్లే దారి, టీసీపీ, ఒక కాలువ. ఎన్ని బిందెలు పోశారో కాలువకు తెలుస్తుందా? మాట ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు పంపేవాళ్లే పెట్టుకోవాలి. చివరికి నా దగ్గరే ఉన్న మేక్‌ఫైల్ కనిపెట్టి, యూటీఎఫ్-8 అని చెప్పి, వరస వరసగా చదివించింది. శుభలేఖ ముహూర్తంతో సహా చేరింది.

ఇంకో పేచీ మా చుట్టం ఇన్‌పుట్‌తో. పైథాన్ 2 రోజుల్లో, టైప్ చేసినదాన్ని పైథాన్ లెక్కగా తీసుకుని నడిపేసే దుడుకు మనిషి. ఇప్పుడు బుద్ధిమంతుడే కానీ, ఎంటర్ కొట్టేదాకా గుమ్మం వదలడు. ఆ సేపూ నేను తెచ్చిన జవాబు అందుకునే దిక్కుండదు. నాకో థ్రెడ్, అతనికో థ్రెడ్ ఇచ్చి వేరు కాపురం పెట్టించింది.

ప్రోగ్రామ్ ఆపి వెంటనే మళ్లీ నడిపితే, అడ్రస్ ఖాళీ లేదన్నాను. దారిలో ఆలస్యమైన టపా ఏదైనా వస్తుందేమోనని మూసిన తలుపు దగ్గర కెర్నల్ కాసేపు కాపలా కాస్తుంది. రీయూజ్ అడ్రస్ అని ఒక్క వరస రాస్తే సరిపోయేది. రాయలేదు. పోర్టు 5000 తీసేసి 5001 పెట్టింది. తెల్లారేసరికి 5007లో ఉన్నాం.