సంచినిండా లెన్సులే

మేం మొదలుపెట్టిన రోజుల్లో లెన్సు ఎంచుకోవడం అనే పనే లేదు. కెమెరాకి ఏది ఉంటే అదే లెన్సు. పెళ్లిళ్లకి మేం పట్టుకెళ్లిన యాషికా మ్యాట్ 124జికి రెండు కళ్లుండేవి. పై కన్ను మేం చూసుకోడానికి, కింది కన్ను ఫిల్ముకి. ఆ కింది కన్ను 80 మిల్లీమీటర్లు, ఎఫ్ 3.5. ఊడదీయడానికి లేదు, మార్చడానికి లేదు. 120 రోలుకి పన్నెండే బొమ్మలు. ముహూర్తం దగ్గర పడుతోందంటే మిగిలిన రెండుమూడు బొమ్మలూ వియ్యపురాళ్ల మీద ఖర్చుపెట్టేసి, కొత్త రోలు ఎక్కించుకుని పీటల దగ్గర నిలబడేవాళ్లం. చుట్టాలందరూ ఒకే ఫ్రేములో పట్టాలంటే వెనక్కి నడిచేవాళ్లం. వెనక గోడ అడ్డమొస్తే గోడెక్కేవాళ్లం. వైడ్ లెన్సు అంటే మాకదే.

ఇప్పుడు మా పెద్దమ్మాయి కొడుకు మిర్రర్‌లెస్ కొన్నాడు. అరచేతిలో ఇమిడిపోయే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా. చూడగానే నాకూ ముచ్చటేసింది. ఆ తర్వాత వాడు సంచి జిప్పు లాగాడు. కెమెరాతో వచ్చిన 14-42, దాని పక్కన 40-150, పెళ్లిళ్లకని 12-40, గుళ్లకని 9-18, పువ్వులకని 60 మాక్రో, పిట్టలకని 75-300. “ఇంకా 75 ఎఫ్ 1.8 ఒకటి కొనాలి తాతయ్యా, అది లేకపోతే సిస్టమ్ పూర్తవదు” అన్నాడు. ఇంతకీ ఏం తీశావురా అని అడిగితే పక్కింటివాళ్ల పిల్లి ఫోటోలు చూపించాడు. పిల్లి బాగానే ఉంది. ఒక్కో లెన్సుతో ఒక్కోసారి తీసి, ఏది ఎక్కువ షార్పో మీసాలు లెక్కపెట్టి చెబుతున్నాడు.

చిన్న కెమెరా అనే ఆలోచన వీళ్ల తరం కనిపెట్టిందేమీ కాదు. 1959లోనే ఒలింపస్ కంపెనీలో మైటాని అనే ఇంజినీరు పెన్ కెమెరా చేశాడు. మామూలు 35 ఎంఎం ఫ్రేములో సగమే వాడుకుంటుంది. ముప్ఫై ఆరు బొమ్మల రోల్లో డెబ్భై రెండు వచ్చేవి. రోలు ధర చూసి గుండె పట్టుకునే మాలాంటివాళ్లకి అంతకన్నా ఏం కావాలి? 1963లో లెన్సులు మార్చుకునే పెన్ ఎఫ్ తెచ్చాడు. ఆ తర్వాత 2008లో ఒలింపస్, పానాసోనిక్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ ప్రకటించాయి. 2009లో ఒలింపస్ తన మొదటి మిర్రర్‌లెస్‌కి మళ్లీ పెన్ పేరే పెట్టింది. జేబులో పట్టేది జేబులోనే ఉండాలన్నది మైటాని పట్టుదల. మావాడి సంచి ఆయన చూసుంటే ఏమనేవాడో!

ఎస్సెల్లార్‌లో లెన్సు వెనకుండే అద్దం లేచి పడటానికి చోటు కావాలి, పాత లెన్సులు పెద్దవవడానికి కారణం అదే. అందుకని లెన్సు మౌంటు ఫిల్ముకి దూరంగా ఉండాలి. పెంటాక్స్‌కి 45.46 మిల్లీమీటర్లు, నైకాన్‌కి 46.5. అంత దూరం నుంచి వైడ్ లెన్సు పనిచెయ్యాలంటే లోపల అదనంగా గాజులు పేర్చాలి, దాంతో బరువు, దాంతో ధర. మిర్రర్‌లెస్‌లో అద్దం తీసేశారు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఆ దూరం సుమారు ఇరవైకి దిగింది, సెన్సరూ చిన్నదే, 17.3 బై 13 మిల్లీమీటర్లు. కాబట్టి లెన్సులు నిజంగానే బుల్లివి చెయ్యొచ్చు, చేశారు కూడా. ఒలింపస్ 45 ఎఫ్ 1.8 బరువు 116 గ్రాములు. 17 ఎఫ్ 1.8 అయితే 120. పానాసోనిక్ 20 ఎఫ్ 1.7 కూడా వంద గ్రాముల దగ్గరే. అవి చేతిలో పెట్టుకుంటే, అబద్ధమెందుకు, నాకూ కడుపుమంటే. తర్వాతి రోజుల్లో మా 135 టెలి మెడకి తగిలించుకుని అప్పగింతలదాకా నిలబడితే మర్నాడు తల తిప్పలేకపోయేవాళ్లం.

ఇంత బుల్లి లెన్సులు ఉండగా మనవాళ్లు ఏం కొంటారు? 760 గ్రాముల 40-150 ఎఫ్ 2.8. అది ఆ కెమెరాకి తగిలిస్తే దూడకి రెండెడ్ల బండి కట్టినట్టుంటుంది. పని ఉన్నవాడికి అది మంచి లెన్సే, కాదనను. స్టేజి మీద కూచిపూడి తీసేవాడికి, ఆటలు తీసేవాడికి అన్నం పెట్టే సరుకు. ఆదివారం బీచికెళ్లి పిల్లల ఫోటోలు తీసుకునేవాడికి దాంతో ఏం పని? రెండు ఆదివారాలు మోస్తాడు. మూడో ఆదివారం ఫోన్ చాల్లే అంటాడు. బరువు తగ్గుతుందని చిన్న సిస్టమ్ కొని, ఆ తగ్గిన బరువంతా గాజు రూపంలో మళ్లీ భుజానికెత్తుకోవడం నాకు అర్థం కాని విషయం.

యాషికా తర్వాత నా చేతికొచ్చింది పెంటాక్స్ కె1000. 1976లో మొదలుపెట్టి 1997 దాకా ఆ మోడలే అమ్మారు. ఇరవయ్యేళ్లు పైగా! ఇప్పుడు ఫోన్ కవరు కూడా అన్నాళ్లు దొరకదు. దాంతో వచ్చింది 50 ఎఫ్ 2. తర్వాత మద్రాసు బర్మాబజారుకి వెళ్లే తెలిసినవాళ్ల చేత 28 ఒకటి, 135 ఒకటి తెప్పించుకున్నాను. బేరం వాళ్లు చెయ్యాలి, బిల్లుండదు, గ్యారంటీ ఉండదు. ఊళ్లో ప్రతి ఫోటోగ్రాఫరు దగ్గరా ఈ మూడే. 28 పందిరికి, 50 మనుషులకి, 135 మొహాలకి. ఏది ఎంతవరకు చూస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లం. ఫ్రేము ముందు బుర్రలో పడేది, తర్వాతే కెమెరా కంటి దగ్గరికి వెళ్లేది. ఫోటోగ్రాఫరు కార్టియే బ్రెసాఁ లైకాకి ఎక్కువగా 50 తగిలించుకునే లోకమంతా తిరిగాడు. సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే మాయాబజార్‌లో వెన్నెల కురిపించాడని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఏ లెన్సుతో కురిపించాడని ఒక్కరైనా అడిగారా?

ఇప్పటివాళ్లకి మా ఆ మూడు లెన్సుల లెక్క చెప్పాలంటే సగం చెయ్యాలి. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 25 పెడితే మా 50 చూసినంత చూస్తుంది, 14 పెడితే మా 28. ఫ్యూజీ, సోనీ వాళ్ల ఏపీఎస్‌సీ సైజు కెమెరాలకైతే ఒకటిన్నరతో భాగించాలి, 35 పెడితే దాదాపు మా 50. లెక్క ఇంతే. దీనిమీద గంటలకొద్దీ పోట్లాడుకునేవాళ్లని చూశాను. వెలుతురు విషయంలో ఎఫ్ 1.8 ఎక్కడైనా ఎఫ్ 1.8నే. వెనక మసక విషయంలో మాత్రం చిన్న సెన్సరు మీద 25 ఎఫ్ 1.8, ఫుల్‌ఫ్రేము మీద 50కి ఎఫ్ 3.6 పెట్టినంతే ఇస్తుంది. అదో పెద్ద లోపమని కుర్రాళ్ల ఏడుపు. మా కాలంలో వెనక మసకయితే పెళ్లివారు డబ్బులిచ్చేవారు కాదు! పందిరికి, అరటి బోదెలకి, సీరియల్ సెట్లకి ఖర్చుపెట్టింది పెళ్లికూతురి తండ్రి. ఆల్బంలో అవి కనపడకపోతే ఊరుకుంటాడా? ఫ్లాషు వేసి, ఎఫ్ 8 పెట్టి, ముక్కుపుడక దగ్గర్నుంచి వెనక వంటవాడి గరిటె దాకా అన్నీ స్పష్టంగా రావాలి. వధూవరులిద్దరూ ఫోకస్‌లో ఉండాలనుకునేవాడికి ఆ చిన్న సెన్సరు వరమే.

కెమెరాతో వచ్చే కిట్ లెన్సుని తిట్టడం ఇప్పుడో ఫ్యాషన్. నేను తిట్టను గానీ దాని సంగతి తెలుసుకుని వాడాలంటాను. 14-42కి పొడుగు చివర్లో ఎఫ్ 5.6. అక్కడే 45 ఎఫ్ 1.8 పెడితే దాదాపు పదిరెట్ల వెలుతురు లోపలికొస్తుంది. పగలు గోదావరి గట్టున ఈ తేడా తెలియదు. రాత్రి ఇంట్లో ట్యూబులైటు కింద పిల్లాడి పుట్టినరోజు తీసినప్పుడు తెలుస్తుంది. మా రోజుల్లో 100 ఏఎస్‌ఏ ఫిల్ము వేస్తే ఫ్లాషు తప్ప గతి లేదు. ఇప్పటి కెమెరాలో ఐఎస్ఓ చక్రం తిప్పితే చాలు. అయినా ఫోటోలు మసగ్గా వస్తున్నాయంటారు.

ఎందుకంటే చేతి వణుకు ఆపే యంత్రం బాడీలో ఉందిగా అని ధీమా. ఆ యంత్రం గొప్పదే. 2012లో ఒలింపస్ ఇ-ఎం5లో ఐదు రకాల కదలికలని పట్టే ఏర్పాటు వచ్చింది. లేపాక్షి ముఖమంటపం కప్పు మీది చిత్రాలు స్టాండు లేకుండా, ఊపిరి బిగబట్టి, సెకనులో పదోవంతుకి తియ్యొచ్చు. అక్కడ కావాల్సింది 9 నుంచి 12 మధ్యలో ఒక వైడ్. అది మరీ వెలుతురు లెన్సు కాకపోయినా ఫర్వాలేదు, బొమ్మలు కదలవు కాబట్టి. తలంబ్రాలు పోసే పెళ్లికూతురు కదులుతుందే! ఆ చేతిని ఆపాలంటే సెకనులో రెండొందల యాభయ్యోవంతు షట్టరు కావాలి, అందుకు వెలుతురు లెన్సు కావాలి. మీ చెయ్యి వణకకుండా కెమెరా చూసుకుంటుంది, అవతలివాళ్ల చెయ్యిని ఆపలేదు. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు.

పాత లెన్సుల పిచ్చి ఇంకొకటి మొదలైంది. మా 50, మా 135 అడాప్టరు వేసి మిర్రర్‌లెస్‌కి తగిలిస్తున్నారు. అద్దం తీసేసిన ఖాళీ ఉంది కాబట్టి ఆ పాతిక మిల్లీమీటర్లకి ఒక గొట్టం పెడితే సరిపోతుంది, అందులో గాజు కూడా అక్కర్లేదు. నాకు సంతోషమే, నా బీరువాలో సరుక్కి మళ్లీ విలువొచ్చింది. పాత 50 మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 100 అయి కూర్చుంటుంది, మొహాలకి చక్కగా ఉంటుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. తిప్పండి, ఏం పోయింది? కానీ పాత 28 కొని వైడ్ వస్తుందనుకుంటే మాత్రం అది 56 అయి మామూలు లెన్సైపోతుంది. వైడ్ కావాలంటే ఈ కాలపు లెన్సే కొనాలి, గత్యంతరం లేదు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మా 50ని ఎఫ్ 2 దగ్గర పూర్తిగా తెరిస్తే అంచులు మెత్తబడేవి, ఎఫ్ 4కి మూస్తేగానీ దారికొచ్చేది కాదు. ఈ కొత్త బుల్లి లెన్సులు 1.8 దగ్గరే గీత గీసినట్టు తీస్తున్నాయి. కళ్లు వెతికి పట్టుకునే ఫోకస్ అయితే మా ఊహకి కూడా అందలేదు.

పిట్టలు, జంతువుల విషయంలో నోరు మూసుకుంటాను. ఆటపాకలో గూడకొంగలు, పులికాట్‌లో రాజహంసలు, మా కోరింగ మడల్లో నీటిపిల్లి కనపడితే మేం కళ్లతో చూసి ఇంటికొచ్చేసేవాళ్లం, అంతే. 423 గ్రాముల 75-300తో ఇప్పుడు కుర్రాళ్లు 600 ఎంఎం చూసేంత దగ్గరగా చూస్తున్నారు. పెద్ద కెమెరాకి ఆ చూపు కావాలంటే లెన్సుతోబాటు కూలీని కూడా పెట్టుకోవాలి. చిన్న సెన్సరు కొన్నందుకు అసలైన లాభం అదే. పొద్దున్నే, సాయంత్రం మాత్రం దాని ఎఫ్ 6.7తో అవస్థపడాలి. ఎండలో తియ్యండి.

మావాడికి చెప్పిందే మీకూ చెబుతాను. కిట్ లెన్సుతో ఒక సీజను గడపండి. ఇప్పటి కెమెరా ప్రతి ఫోటోలోనూ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో రాసి పెడుతుంది. ఆ సదుపాయం మాకుంటే డైరీలు దండగ. కంప్యూటర్లో వేసి చూసుకోండి. ఎక్కువ ఫోటోలు 25 చుట్టూ ఉంటే 25 ఎఫ్ 1.8 కొనండి. అన్నీ 14 దగ్గరే ఆగిపోయుంటే వైడ్ కొనండి. అన్నీ 42 దగ్గర ఉంటే వెంటనే టెలికి పరిగెత్తకండి. ముందు నాలుగడుగులు ముందుకేసి చూడండి, అప్పటికీ చాలకపోతే 45 గానీ 190 గ్రాముల చవక 40-150 గానీ తీసుకోండి. బాడీలు మారుతుంటాయి, కంపెనీలూ మారతాయి. ఒలింపస్ కెమెరాల విభాగం 2021లో వేరే సంస్థ చేతికెళ్లి ఓఎం సిస్టమ్ అయింది. అయినా మౌంటు అదే, 2009 నాటి లెన్సు నేటి బాడీకి తగులుతుంది. కాబట్టి డబ్బు పెట్టేదేదో బాడీ మీద తక్కువ, లెన్సు మీద ఎక్కువ పెట్టండి. ఎక్కువ లెన్సుల మీద కాదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక మాట. మనది కోస్తా, గాలిలో తేమ. లెన్సుని రెండువైపులా మూతలు తీసి, ఆపర్చరు పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. శుభ్రం చేయిస్తాం, ధర తగ్గిస్తాం అంటారు. చాలాసార్లు అప్పటికే గాజు మీది పూతని అది తినేసి ఉంటుంది, తుడిచినా మచ్చ పోదు. తీసుకోకండి. మంచిది దొరికితే గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి, పొట్లాలు రంగు మారగానే మార్చండి. అన్నిటికన్నా ముఖ్యం, వారానికోసారైనా బయటికి తీసి వాడండి.