లోపలికెళ్లి వచ్చిన రంగులు

సూర్యాపేటలో ఆయన్ని ఇప్పుడు పెయింటరన్నా అని పిలిస్తే పలకడు. ఆర్టిస్టు అనాలి. ముందు ‘అబ్‌స్ట్రాక్ట్’ కూడా తగిలిస్తే చాయ్ తెప్పిస్తాడు. కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఈ జాతివాళ్లున్నారు. అందరిదీ ఒకటే జాతకం. ఎరువుల దుకాణాల బోర్డులు, ఎర్రజెండా గోడరాతలు, లారీల నంబరు ప్లేట్లు రాసుకుంటూ కడుపులో చల్ల కదలకుండా బతికినవాళ్లే. ఫ్లెక్సీ వచ్చి పని పోయింది. ఆ వెంటనే అంతశ్చేతన మేలుకుంది.

పొద్దున్నే కాన్వాసు ముందు కళ్లు మూసుకుని కూర్చుంటాడు. పలకరిస్తే ఒక కన్నే తెరుస్తాడు. “నేనేస్తలేనన్నా. రంగు దానంతటదే లోపలికెళ్లి వస్తది.”

“ఔ, లోపలికెళ్లే,” అంది వదిన గడపలోంచి. “అటక మీదికెళ్లి పాత డబ్బాలు దించిచ్చింది నేను గాదా?”

కాండిన్‌స్కీ 1911లోనే కళలో ఆత్మ గురించి పుస్తకం అచ్చేశాడని ఈయనకు తెలుసు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు నైరూప్య చిత్రాలతోనే 2001లో పద్మశ్రీ దాకా వెళ్లాడనీ తెలుసు. ఇది మాత్రం అప్పులవాళ్లు వచ్చినప్పుడే చెబుతాడు. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ పాత మోటారు బళ్ల తుప్పులో రంగులు పట్టాడని విని, కోదాడ హైవే మీద లారీ షెడ్డుకెళ్లి అరపూట తుప్పునే చూస్తూ నిలబడ్డాడు. మెకానిక్ వచ్చి “ఏ పార్టు గావాలన్నా?” అన్నాడు.

మొన్న కొత్త బొమ్మ చూపించాడు. పేరు ‘సుప్తచేతన’. ఆ ఆకుపచ్చ పురుగుమందుల దుకాణం షట్టరుది. ఎరుపు పాత ఎన్నికలది. పసుపు లారీ ప్లేటుది. ఎడమవైపు పైన ఒక సుడి తిరిగింది, ఎటు చూసినా ‘శ్రీ’లో సగమే. ఇక కళ్లు మూసుకుని విసిరానన్న ప్రతి మరకకీ కుడిపక్కన, కిందుగా, సన్నటి నల్ల షేడ్! బోర్డు మీద అక్షరం లేచి కనబడటానికి వేస్తారే, అదే. ఫ్రాయిడ్ బతికుంటే ఈ షేడ్ చూడటానికే సూర్యాపేటలో బస్సు దిగేవాడు.

మిర్యాలగూడ రైస్ మిల్లు సేటొకాయన దాన్ని ఆఫీసు గోడకని కొన్నాడు. ఎరుపు ఆగ్నేయానికి పడిందా అని చూసుకున్నాడు, సోఫాకు కుదిరిందనుకున్నాడు, పైసలు లెక్కపెట్టాడు.

“అంత మంచిగుంది గని, కింద సెల్ నంబరు ఎయ్యలేదేంది?”

ఆర్టిస్టు మొహం కందగడ్డయింది. “ఇది బోర్డు గాదు సేటూ!”

“గాదులే. ఇంకోటి గావాలంటే నిన్నెట్ల పట్టుకోవాలె?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత సన్న బ్రష్ తీసి టార్పిన్లో ముంచి, గుడ్డకు తుడిచి, వంగాడు. గీత గియ్యకుండానే పది అంకెలు తిన్నగా వచ్చాయి, షేడ్‌తో సహా.