నా పేరుతో ఎవరో రాసిన ఉత్తరాలు

నేనొక ఈమెయిల్ చిరునామాను. మాది పావగడ. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, అంగట్లో మాటలు మాత్రం ఎక్కువగా తెలుగే. బోరు మోటార్లు, సోలార్ పంపులు అమ్మే అంగడి కోసం నన్ను పుట్టించారు. తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక సోలార్ అన్న మాట ఇక్కడ ప్రతి ఇంట్లోనూ వినబడుతోంది. కొటేషన్లు పంపడం, వారంటీ కాగితాలు అందుకోవడం నా పని.

ఒకరోజు పొద్దున అంగడి తెరిచేసరికి ఇన్‌బాక్స్ నిండా ‘మెయిలర్ డీమన్’ జవాబులే. మీరు పంపిన మెయిల్ చేరలేదు అని ప్రతిదాంట్లోనూ అదే మాట. నేను పంపింది ఒక్కటీ లేదు. కింద అసలు మెయిల్ అతికించి ఉంది: కుసుమ్ పథకంలో మీకు పంపు మంజూరైంది, రిజిస్ట్రేషన్ ఫీజు వెంటనే కట్టండి. పంపినవారి చోట నా పేరు! రైతుల సోలార్ పంపుల పథకమైన కుసుమ్ పేరుతో ఫీజులు దండుకునే నకిలీ వెబ్‌సైట్ల గురించి కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఎన్నోసార్లు హెచ్చరించింది. ఇప్పుడా మోసానికి నన్ను ముసుగు చేసుకున్నారు. మధ్యాహ్నానికి కళ్యాణదుర్గం నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. “ఏమప్పా, దుడ్డు కట్టమని మెయిల్ పెట్టినారే, ఇది మీదేనా?” ఆ ప్రశ్న నన్ను కోసేసింది. ఆయన అడిగాడు కాబట్టి సరిపోయింది. అడగకుండా కట్టేసినవాళ్ల మాటేమిటి?

యజమాని పాస్‌వర్డ్ మార్చాడు. జవాబులు ఆగలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు సెలవుకొచ్చి మెయిల్ హెడర్లు తెరిచింది.

“నాయినా, ఎవురూ లోపలికి రాలేదు. ‘రిసీవ్డ్’ అనే వరసలు చూడు. ఇది మన సర్వర్ నుంచి పోనే లేదు.”

ఇన్‌లాండ్ కవరు వెనక ఎవరి చిరునామా అయినా రాయొచ్చు కదా, మెయిల్‌లోనూ అంతే. 1982లో జాన్ పోస్టెల్ మెయిల్ పంపే పద్ధతికి ఎస్‌ఎంటీపీ నియమాలు రాసినప్పుడు పంపేవాడు ఫలానా అని రుజువు చూపాలన్న నిబంధన పెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే తర్వాత మూడు ఏర్పాట్లు వచ్చాయి. మా డొమైన్ పేరున ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్. ప్రతి మెయిల్‌కూ డిజిటల్ సంతకం పెట్టేది డీకిమ్. ఈ రెంటిలో ఒక్కటీ మా డొమైన్‌తో కుదరని మెయిల్‌ను ఏం చేయాలో అవతలి సర్వర్‌కు చెప్పేది డీమార్క్.

ఆ అమ్మాయి తొందరపడలేదు. డీమార్క్‌ను ముందు ‘నన్’ (ఏదీ ఆపకు, నివేదిక మాత్రం పంపు) మీద ఉంచి, రోజూ వచ్చే నివేదికలు చదివింది. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేరే సర్వర్ నుంచి నా పేరున బిల్లులు పంపుతోందని అందులోనే తెలిసింది. మొదటిరోజే ‘రిజెక్ట్’ పెట్టి ఉంటే దొంగ మెయిళ్లతోపాటు మా బిల్లులూ ఆగిపోయేవి. ఆ సర్వర్‌నూ ఎస్‌పీఎఫ్ జాబితాలో చేర్చాక ‘క్వారంటైన్’ (స్పామ్‌లో పడెయ్), తర్వాత ‘రిజెక్ట్’ (తీసుకోకు) పెట్టింది. దొంగ మెయిళ్లు చాలావరకు గడప దగ్గరే ఆగాయి, తిరుగుజవాబులు పలచబడ్డాయి. అయినా నేను నిజంగా పంపిన కొటేషన్లు కొన్నాళ్లు స్పామ్‌లోనే పడ్డాయి. పోయిన పరపతి అంత త్వరగా రాదు.

అంగడి గోడ మీద యజమాని ఒక కాగితం అంటించాడు: మేము మెయిల్‌లో ఫీజు అడగం, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అది అవసరమే. నా స్పెల్లింగులో ఒక్క అక్షరం మార్చి ఎవడైనా కొత్త డొమైన్ కొంటే, మా డీమార్క్ వాణ్ణి ఆపలేదు.